మూర్ మార్కెట్‌లో దొరికిన ‘ది నైట్‌ఫ్లై’ (1982): వినేవాళ్ళెవరైనా ఉన్నారా ఇక్కడ?

వేళచ్చేరి విస్సు | శనివారం రాత్రి 10:40

సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్ కాంప్లెక్స్‌లో పాత టెక్స్ట్‌బుక్కుల మధ్య అట్టపెట్టె నిండా ఎల్పీలు పెట్టుకుని కూర్చున్నాడు ఒకాయన. క్రిస్మస్ పాటలు, తమిళ భక్తి గీతాలు, ఎవరో గల్ఫ్ నుంచి తెచ్చుకున్న డిస్కో. వాటి అడుగున అమెరికన్ గాయకుడు డొనాల్డ్ ఫేగన్ ఆల్బమ్ ‘ది నైట్‌ఫ్లై’. వార్నర్ బ్రదర్స్ వాళ్ళ అమెరికన్ ప్రెస్సింగ్. పాటల సాహిత్యం, వాయించినవాళ్ళ పేర్లు అచ్చేసిన లోపలి కవరు కూడా ఉంది. 900 చెప్పాడు, బేరమాడితే 650కి ఇచ్చాడు.

అట్ట చూస్తూనే కొనేశాను. నలుపు తెలుపు ఫొటో. టై కట్టుకున్న రేడియో వ్యాఖ్యాత వేషంలో ఫేగన్, ముందు పెద్ద మైకు, టర్న్‌టేబుల్, చెస్టర్‌ఫీల్డ్ సిగరెట్ పెట్టె. పక్కనే జాజ్ శాక్సఫోన్ విద్వాంసుడు సానీ రోలిన్స్ 1958 నాటి ఎల్పీ అట్ట కనిపిస్తుంది. వెనక్కి తిప్పితే రాత్రిపూట ఒకే మూసలో కట్టిన ఇళ్ళు, ఒక్క కిటికీలో లైటు. ఆ కిటికీలో ఉన్న కుర్రాడే ఈ రేడియో వింటున్నాడన్నమాట.

ఎనిమిది పాటలు, మొత్తం 40 నిమిషాల లోపే. ఒకసారి విన్నాను. ఎక్కడా ఒక్క స్వరం అటూ ఇటూ అవలేదు. బాగుందా లేదా అని అడిగితే మాత్రం ఇంకా తేల్చుకోలేదు.

తెలిసినవాళ్ళు చెప్పండి. ప్లేటు మీద అక్కడక్కడ తెల్లటి బూజు మచ్చలున్నాయి, ఎలా కడగాలి? ఇది డిజిటల్‌గా రికార్డు చేసిన ఆల్బమ్ అంటున్నారు, అలాంటప్పుడు ఎల్పీలో వినడంలో అర్థముందా? అసలు దీన్ని జాజ్ అనాలా, పాప్ అనాలా?


ఎగ్మోర్ ఎక్స్‌ప్రెస్ | శనివారం రాత్రి 10:52

650 ఎక్కువే. అమెరికన్ ప్రెస్సింగ్, లోపలి కవరుతో సహా అంటున్నారు కాబట్టి సరే, వదిలేస్తున్నా.


సూదీదారం | శనివారం రాత్రి 11:15

ముందు బూజు సంగతి చూడండి, సంగీతం తర్వాత. బూజుతో ఆడిస్తే సూది దాన్ని గాడిలోకి కూరుతుంది, ఆ సూదితోనే ఇంకో ప్లేటు పెడితే దానికీ అంటుకుంటుంది.

డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి, ఇన్వర్టర్ బ్యాటరీలో పోసేదే. కుళాయి నీళ్ళు వద్దు. మన చెన్నై బోరు నీళ్ళయితే అసలే వద్దు, ఆరాక ఉప్పు గాడిలో ఉండిపోతుంది. అర లీటరు నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు మూడు చుక్కలు చాలు. బూజు మొండిగా ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా కలపండి. ఎల్పీకి పర్వాలేదు గానీ, మీ తాతగారి కాలం 78 స్పీడు లక్క రికార్డులకి మాత్రం ఆల్కహాల్ తగలనీయకండి, లక్క కరిగిపోతుంది.

మెత్తటి బ్రష్షుతో గాడి వెంబడే గుండ్రంగా తిప్పాలి, అడ్డంగా రుద్దకూడదు. మధ్యలో లేబుల్ తడవకూడదు. తర్వాత వట్టి డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి కడిగి, గిన్నెల స్టాండులో నిలబెట్టి ఫ్యాను కింద ఆరనివ్వండి. డాబా మీద ఎండలో పెట్టారంటే సాయంత్రానికి అప్పడంలా వంకర తిరిగిన ప్లేటు మిగులుతుంది.

పాత కాగితం కవర్ని మళ్ళీ వాడకండి, బూజు విత్తనాలు దాంట్లోనే ఉంటాయి. మీకు దొరికినలాంటి అచ్చు కవరైతే పారేయక్కర్లేదు, దాన్ని విడిగా ఆరబెట్టి దాచుకోండి. ప్లేటు మాత్రం కొత్త ప్లాస్టిక్ కవర్లో వేయండి.


అడయారు అమ్మాయి | ఆదివారం ఉదయం 8:05

నేను గొడవ పెట్టడానికే వచ్చాను, ముందే చెప్తున్నా.

‘ది నైట్‌ఫ్లై’ సంగీతం కాదు, స్పీకర్ల షోరూమ్‌లో పెట్టుకునే డెమో. సౌండ్ ఇంజినీర్లు కచేరీ హాళ్ళలో సిస్టమ్ సరిచూసుకోవడానికి దీన్నే పెడతారంటారు, నాకు ఆశ్చర్యమేమీ లేదు. వినేవాడి చెవి కంటే స్పీకరుకే ఎక్కువ పనికొస్తుంది.

ఎనభైల్లో జాజ్ గాలి తగిలిన పాప్ కావాలంటే బ్రిటిష్ గాయని షాడే మొదటి ఆల్బమ్ ‘డైమండ్ లైఫ్’ వినండి, 1984ది. రాబిన్ మిల్లర్ ప్రొడ్యూసరు. స్టూవర్ట్ మాథ్యూమన్ శాక్సఫోన్ ఊదుతుంటే మధ్యలో గాలి పీల్చుకోవడానికి చోటుంటుంది. ఆవిడ గొంతు ఒక మాట పాడి ఆగితే, బేస్ వెంటనే వచ్చి ఆ ఖాళీ పూడ్చేయదు, ఆ ఖాళీని ఉండనిస్తుంది. ఫేగన్ పాటల్లో అలాంటి ఖాళీ ఒక్కటి చూపించండి. ప్రతి అంగుళంలో ఎవరో ఒకరు ఏదో ఒకటి తప్పులేకుండా వాయిస్తూనే ఉంటారు.


ఎగ్మోర్ ఎక్స్‌ప్రెస్ | ఆదివారం ఉదయం 8:11

పొద్దున్నే మొదలు.


కోడంబాక్కం వయొలిన్ | ఆదివారం ఉదయం 11:30

మా నాన్న సినిమా ఆర్కెస్ట్రాల్లో వయొలిన్ వాయించేవారు. డెబ్భైలు, ఎనభైల్లో తెలుగు పాటలు రికార్డయిందీ ఎక్కువగా ఇక్కడే కదా, వడపళని చుట్టుపక్కల. ఈ థ్రెడ్ చూసి ఇవాళ పొద్దున ఆయనకి ఈ ఆల్బమ్ వినిపించాను. నా దగ్గర సీడీ ఉంది.

మొదటి పాట ‘ఐ.జి.వై.’ అయ్యేదాకా ఏమీ మాట్లాడలేదు. తర్వాత “డ్రమ్స్ ఎవరు?” అన్నారు. కవరు చూసి చదివాను: జేమ్స్ గాడ్సన్, అదనంగా జెఫ్ పొర్కారో. “ఒక్క పాటకి ఇద్దరికి పేమెంటా?” అన్నారు. ఆయన బాధ అది.

ఆయన కాలంలో పద్ధతి వేరు. హాల్లో నలభై మంది వయొలిన్లు, తబలా, గిటారు, గాయకుల బూత్, అందరూ ఒకేసారి. చివరి చరణంలో ఒకళ్ళు తప్పితే మొత్తం మొదటికొస్తుంది, అందరూ వెనక్కి తిరిగి ఆ ఒక్కణ్ణి చూస్తారు. ఆ భయంతోనే అందరి వాద్యం ఒకదానికొకటి అతుక్కునేదంటారు నాన్న. ఈ ఆల్బమ్ అలా కాదు. ఒక్కొక్కళ్ళని విడివిడిగా పిలిచి, ఒక ముక్క వాయించాక నచ్చకపోతే ఇంకొకళ్ళని పిలిచి, పొరలు పొరలుగా పేర్చారు. ప్రొడ్యూసర్ గ్యారీ కాట్జ్, ఇంజినీర్ రోజర్ నికల్స్, ఫేగన్, ముగ్గురూ ఫేగన్ పాత బృందం స్టీలీ డాన్ రోజుల నుంచి అదే పనిలో ఉన్నవాళ్ళు.

అయినా నాన్నకి నచ్చింది. “వీళ్ళకి టైముంది, డబ్బుంది, కానీ ఎక్కడా గొప్పలు చూపించుకోలేదు” అన్నారు. నాలుగో పాటలో మైకేల్ బ్రెకర్ టెనర్ శాక్స్ మాత్రం రెండోసారి పెట్టించుకున్నారు.

అడయారు గారూ, మీరన్న ఖాళీ గురించి కూడా అడిగాను. “పాటలో లేకపోతే ఏం, పాడేవాడి గొంతులో ఉంది” అన్నారు. ఫేగన్ గొంతు మన లెక్కలో పెద్ద గొంతు కాదు. ముక్కుతో పాడతాడు, పై స్థాయిలో కాస్త ఇరుకు. ఆ తళతళలాడే వాద్యాల మధ్య ఆ గొంతు ఒక్కటే మామూలు మనిషిలా ఉంటుంది.


అడయారు అమ్మాయి | ఆదివారం మధ్యాహ్నం 12:02

మీ నాన్నగారికి నమస్కారాలు. ఆయనతో వాదించను. మీతో వాదిస్తాను. గొంతు మామూలుగా ఉన్నంత మాత్రాన పాటలోకి ప్రాణం రాదు.


పాత మద్రాసు | ఆదివారం సాయంత్రం 5:20

అమ్మాయీ, బాబులూ, నేను ఇక్కడ రాయడం తక్కువ. ఈ ఆల్బమ్ పేరు చూసి ఆగలేకపోయాను.

ఫేగన్ పుట్టింది 1948 జనవరిలో, న్యూజెర్సీలో. నేనూ అదే ఏడు, జార్జ్‌టౌన్‌లో. ఆ ఆల్బమ్‌లో ఆయన పాడుతున్నది తన పదేళ్ళ, పన్నెండేళ్ళ వయసు గురించి. యాభైల చివర్లో, అరవైల మొదట్లో, ఊరికి దూరంగా ఉన్న కాలనీలో ఒక కుర్రాడికి ఎలాంటి ఊహలు వచ్చి ఉంటాయో అవే ఈ పాటలని కవరు మీద ఆయనే రాసుకున్నాడు. ఆ ముక్క చదవకుండా వింటే సగమే వింటారు.

‘ఐ.జి.వై.’ అంటే ఇంటర్నేషనల్ జియోఫిజికల్ ఇయర్. 1957 జులై నుంచి 1958 డిసెంబరు దాకా జరిగింది. 67 దేశాలు కలిసి భూమినీ, వాతావరణాన్నీ, సూర్యుణ్ణీ ఒకేసారి పరిశీలించాయి. మన దేశం కూడా అందులో ఉంది. స్పుత్నిక్ పైకెళ్ళింది ఆ కాలంలోనే, 1957 అక్టోబరు 4న. మా బళ్ళో సైన్సు అయ్యవారు మమ్మల్ని వరసగా నిలబెట్టి ఆకాశంలోకి చూడమన్నారు. ఏమీ కనిపించలేదు, అందరం కనిపించిందనే చెప్పాం.

పాటలో ఆ కుర్రాడికి సౌరశక్తితో నడిచే నగరాలు, సముద్రం అడుగున న్యూయార్క్ నుంచి పారిస్‌కి 90 నిమిషాల్లో వెళ్ళే రైలు, మన కోసం నిర్ణయాలు తీసుకునే దయగల యంత్రాలు కనిపిస్తాయి. ఇవన్నీ రాలేదని పాడేవాడికి తెలుసు, అప్పటికి 1982. అయినా ఆ పిల్లాణ్ణి వెక్కిరించడు. అదే నాకు నచ్చే విషయం. వెక్కిరింపు ఉంది, కానీ దాన్ని పిల్లాడి చెవిన పడనివ్వడు.

ఇంకొక సంగతి. ‘న్యూ ఫ్రాంటియర్’ పాటలో, అణుబాంబు పడితే దాక్కోవడానికి పెరట్లో తవ్వించిన గదిలో పార్టీ జరుగుతుంటుంది. అక్కడ కుర్రాడు ఒక అమ్మాయితో మాట కలపడానికి జాజ్ పియానిస్టు బ్రూబెక్ పేరు ఎత్తుతాడు. ఆ డేవ్ బ్రూబెక్ 1958లో మద్రాసు వచ్చాడు! అమెరికా విదేశాంగ శాఖ పంపిన పర్యటన. పోలండ్, టర్కీ, ఇండియా, సిలోన్, పాకిస్తాన్, అఫ్ఘానిస్తాన్, ఇరాన్, ఇరాక్. ఆయన డ్రమ్మర్ జో మొరెల్లో, మన పళని సుబ్రమణ్య పిళ్ళైగారి మృదంగం పక్కన కూర్చుని వాయించాడు. పిళ్ళైగారిది ఎడమ చేతి వాటం. అప్పుడు వాళ్ళిద్దరి చేతులూ చూసినవాళ్ళు అదృష్టవంతులు. నేను చూడలేదు. పదేళ్ళ పిల్లాణ్ణి అలాంటి చోటికి ఎవరు తీసుకెళ్తారు?

అంటే న్యూజెర్సీ కుర్రాడు కిటికీ దగ్గర కూర్చుని బ్రూబెక్ గురించి కలలు కంటున్న రోజుల్లో బ్రూబెక్ మా ఊళ్ళో ఉన్నాడు. ఆ పర్యటనలో టర్కీ వీధుల్లో విన్న తొమ్మిది మాత్రల లెక్కతోనే 1959లో ‘టైమ్ అవుట్’ ఆల్బమ్ మొదటి పాట కట్టాడు.


వేళచ్చేరి విస్సు | ఆదివారం సాయంత్రం 6:45

మాస్టారూ, ఇది చదివాక మళ్ళీ పెట్టుకుని విన్నాను. సముద్రం అడుగు రైలు 90 నిమిషాలు అన్నచోట నవ్వొచ్చింది. సిరుసేరి నుంచి ఇంటికి నాకు సాయంత్రం పూట అంతే పడుతుంది, అదీ భూమి మీదే.

ఒకటి అడగాలి. ఆ రోజుల్లో జాజ్ మీ చెవిన ఎలా పడేది? రికార్డులు కొనేవారా?


పాత మద్రాసు | ఆదివారం రాత్రి 9:10

రికార్డులు కొనే స్తోమత ఎక్కడిది? షార్ట్‌వేవ్ రేడియో. వాయిస్ ఆఫ్ అమెరికాలో విల్లిస్ కొనోవర్ అనే ఆయన జాజ్ కార్యక్రమం చేసేవాడు, 1955 నుంచి. మొదట్లో ఎలింగ్టన్ బృందం వాయించిన రైలు పాట వచ్చేది, తర్వాత ఆయన గొంతు. చాలా నెమ్మదిగా, ఒక్కొక్క మాట విడగొట్టి మాట్లాడేవాడు, ఇంగ్లీషు అంతంత మాత్రం వచ్చిన నాలాంటి వాళ్ళకీ అర్థమయ్యేలా. స్టేషను పట్టుకోవడానికి ముల్లుని వెంట్రుకవాసి జరిపి, ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్ళం. గాలి మళ్ళితే గొంతు తేలిపోయేది, శాక్స్ సగంలో మునిగిపోయేది.

తమాషా ఏమిటంటే ఆ కొనోవర్ ఎవరో అమెరికాలో వాళ్ళకే తెలీదు. వాయిస్ ఆఫ్ అమెరికాని సొంత దేశంలో ప్రసారం చేయకూడదని అప్పట్లో వాళ్ళ చట్టం, 1948 నాటిది. ‘నైట్‌ఫ్లై’ పాటలో రాత్రంతా జాజ్ వేస్తూ, నిద్రపట్టని వాళ్ళ ఫోన్లు తీస్తుండే లెస్టర్ ఫేగన్ కల్పించిన మనిషి. మాకు మాత్రం అలాంటి మనిషి నిజంగానే ఉండేవాడు, వాషింగ్టన్‌లో కూర్చుని మాట్లాడేవాడు.


ఎగ్మోర్ ఎక్స్‌ప్రెస్ | ఆదివారం రాత్రి 9:14

పెద్దాయనా, మీరు ఇక్కడ ఎక్కువ రాయాలి.


అంబత్తూరు అల్లుడు | సోమవారం ఉదయం 7:30

థ్రెడ్ పక్కదారి పట్టిస్తున్నందుకు క్షమించాలి, నా సమస్యా ఈ ఆల్బమ్‌తోనే. మా మామగారు అమెరికా నుంచి తెచ్చిన టర్న్‌టేబుల్ ఉంది, ఎనభైల మొదటిది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి 110 వోల్టులు ఇస్తున్నాం. ‘నైట్‌ఫ్లై’ పెడితే పాట సాగదీసినట్టుంది. ఫేగన్ గొంతు నిద్రమత్తులో ఉన్నట్టు బరువుగా వస్తోంది. యూట్యూబ్‌లో అదే పాట చురుగ్గా ఉంది. మెకానిక్ బెల్టు లూజయింది అన్నాడు, మార్చాం, తేడా రాలేదు. ప్లేటు పాడైందా?


సూదీదారం | సోమవారం ఉదయం 8:20

ప్లేటుకి ఏమీ కాలేదు, బెల్టుకీ ఏమీ కాలేదు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ మారుస్తుంది, ఫ్రీక్వెన్సీ మార్చదు. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. ఆ కాలం బెల్టు డ్రైవ్ టర్న్‌టేబుళ్ళలో చాలావాటికి మోటారు కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టే తిరుగుతుంది. నిమిషానికి 33⅓ సార్లు తిరగాల్సింది మీ ఇంట్లో 28 కన్నా తక్కువ తిరుగుతోంది. అంటే శ్రుతి మూడు మెట్లకి పైగా కిందకి దిగుతుంది. పాట సి లో ఉంటే మీకు ఏ లో వినిపిస్తుంది, అదీ కాస్త తక్కువగా.

సరిచూసుకోవడం తేలిక. ప్లాటర్ (ప్లేటు పెట్టే పళ్ళెం) అంచున గానీ, విడిగా దొరికే అట్టముక్క మీద గానీ స్పీడు సరిచూసే స్ట్రోబ్ చుక్కలుంటాయి. 50 హెర్ట్జ్ కరెంటుకి 180 చుక్కల వరస, 60కి 216. పాతకాలం ట్యూబ్‌లైట్ కింద 180 వరస చూడండి. స్పీడు సరిగ్గా ఉంటే చుక్కలు నిలబడిపోయినట్టు కనిపిస్తాయి, మీ దాంట్లో వెనక్కి పరుగెడతాయి. ఎల్ఈడీ బల్బు కింద చూస్తే ఏమీ తేలదు, చాలావాటిలో ఆ మినుకు ఉండదు.

మందు: మోటారు ఇరుసు మీద ఉండే చిన్న ఇత్తడి పుల్లీ. అదే మోడల్‌కి 50 హెర్ట్జ్ పుల్లీ, కాస్త లావుది, దొరుకుతుంది. దొరక్కపోతే పాతదాన్ని కొలిచి లేత్ మీద చేయించుకోవచ్చు, వ్యాసం 1.2 రెట్లు కావాలి. అంబత్తూరు ఎస్టేట్ పక్కనే ఉండి లేత్ కోసం వెతుక్కోనక్కర్లేదు కదా. బెల్టు మందం కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి మొదటిసారి చేయించాక చుక్కలు చూసి సన్నగా సవరించుకోవాలి.


అంబత్తూరు అల్లుడు | సోమవారం ఉదయం 8:41

చుక్కలు వెనక్కే పరుగెడుతున్నాయి! మామగారు ఇన్నేళ్ళూ అన్ని పాటలూ అలాగే విన్నారు, ఆయనకి అవే బాగున్నాయట. పుల్లీ మార్చనిస్తారో లేదో చూడాలి.


సూదీదారం | సోమవారం ఉదయం 9:05

మామగారితో మీరే తేల్చుకోండి, అది నా పరిధి కాదు.

విస్సు గారి డిజిటల్ ప్రశ్న అలాగే మిగిలిపోయింది. ఈ ఆల్బమ్‌ని 3ఎమ్ కంపెనీ 32 ట్రాకుల డిజిటల్ టేపు మీద రికార్డు చేశారు. అదే కంపెనీ యంత్రాల మీద 1979లో రై కూడర్ ‘బాప్ టిల్ యు డ్రాప్’ వచ్చింది, పాప్‌లో మొదటి డిజిటల్ ఆల్బమ్‌గా దాన్నే చెప్తారు. ఫేగన్ ఆల్బమ్ 1982 అక్టోబరులో వచ్చింది, జపాన్‌లో సీడీ ప్లేయర్లు అమ్మకానికి వచ్చిందీ ఆ నెలే. అంటే కొన్నవాళ్ళలో దాదాపు అందరూ దీన్ని మొదట విన్నది ఎల్పీ మీదో క్యాసెట్ మీదో.

“డిజిటల్‌ని ఎల్పీ మీద వినడం దండగ” అనేవాళ్ళకి ఒక మాట. 3ఎమ్ యంత్రం సెకనుకి 50 వేల నమూనాలు తీసేది. సీడీలో 44,100. కాబట్టి సీడీకి వెళ్ళాలన్నా ఏదో ఒక మార్పిడి తప్పదు. ఎల్పీకి వెళ్ళేటప్పుడు దాన్ని మామూలు తరంగంగా మార్చి, కోసే సూదికి ఇచ్చారు. మాస్టరింగ్ బాబ్ లడ్విగ్. ప్లేటుని లైటు కింద వాల్చి, లేబుల్ పక్కన పాట లేని నున్నటి భాగంలో ‘ఆర్ఎల్’ అని గీసిన ఆయన పొడి అక్షరాలున్నాయేమో చూడండి. ఉంటే 650కి లాభమే.


వేళచ్చేరి విస్సు | సోమవారం రాత్రి 10:15

ఆర్ఎల్ ఉంది! చేత్తో గీసిన గీతలు, కొంచెం వంకరగా.

కడిగాను కూడా. బూజు మచ్చలు పోయాయి, మొదటి పాటలో చిటపటలు దాదాపు లేవు. ఒక్కచోటే ఇబ్బంది. మొదటి వైపు చివరి పాట ‘మాక్సీన్’లో గొంతులు నాలుగైదు కలిసి పాడేచోట ‘స’ అక్షరం వచ్చినప్పుడల్లా జరజరమంటోంది. ఆ గొంతులన్నీ ఫేగన్‌వేనట, ఒకదాని మీద ఒకటి తనే పాడి పేర్చుకున్నాడు. యాభైల్లో నలుగురేసి కలిసి పాడే బృందాల పద్ధతిలో. ఎంతో మెత్తగా ఉండాల్సిన చోట ఈ జరజర చిరాకుగా ఉంది.


సూదీదారం | సోమవారం రాత్రి 10:50

చివరి పాట కాబట్టే. ప్లేటు బయటి అంచున గాడి సూది కింద సెకనుకి దాదాపు 50 సెంటీమీటర్లు జరుగుతుంది, లోపలికొచ్చేసరికి 20 చిల్లర. అదే ధ్వని సగం కన్నా తక్కువ చోటులో ఇరుక్కోవాలి. ‘స’, ‘ష’ లాంటివి అక్కడే ముందు చెడతాయి. మీ సూది గుండ్రటి మొనదా, ఎలిప్టికల్‌దా (కోలగా ఉండేదా)? గుండ్రటిదైతే ఎలిప్టికల్‌కి మారండి. సూది బిగించి ఉండే కార్ట్రిడ్జ్ కోణం, సూది ప్లేటు మీద మోపే బరువు కూడా సరిచూసుకోండి. బరువు తగ్గిస్తే ప్లేటుకి మంచిదని అందరూ అనుకుంటారు, తక్కువైతే సూది గాడిలో ఎగిరి గోడలకి కొట్టుకుంటుంది, అదే ఎక్కువ హాని. కంపెనీ చెప్పిన బరువుల్లో పై అంచుకి దగ్గరగా పెట్టండి. రిచీ స్ట్రీట్‌లో కొంటే పెట్టె సీలు చూసి కొనండి.

ముందు యజమాని అరిగిన సూదితో ఆడించి ఉంటే గాడే దెబ్బతిని ఉంటుంది, దానికి మందు లేదు.


కోడంబాక్కం వయొలిన్ | మంగళవారం మధ్యాహ్నం 1:20

జాజా, పాపా అన్న ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు.

కీబోర్డు ఉన్నవాళ్ళు ఇది చేసి చూడండి. స, చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, ప, నాలుగూ ఒకేసారి నొక్కండి. మోహనంలోంచి ధైవతం తీసేసిన స్వరాలు. పాశ్చాత్య సంగీతంలో ఇలా ఒకేసారి మోగించే స్వరాల గుంపుని కార్డ్ అంటారు. మామూలు మేజర్ కార్డ్‌లో రిషభం ఉండదు. అది గాంధారాన్ని ఆనుకుని కూర్చునేసరికి ఆ తీపిలో చిన్న గరుకు వస్తుంది. స్టీలీ డాన్ అభిమానులు దీన్ని ‘మ్యూ’ కార్డ్ అంటారు, ఫేగన్, ఆ బృందంలో ఆయన జోడీ వాల్టర్ బెకర్ దీన్ని విపరీతంగా వాడారు. సంతోషంగా ఉన్నాడా, దిగులుగా ఉన్నాడా అని తేలకుండా చేసేది అదే. జాజ్ నుంచి తీసుకున్నది ఈ రంగు, సోలోలు వాయించే మనుషులు. పాట నడక, నిడివి, పల్లవి తిరిగి రావడం, అంతా పాప్. జాజ్‌లో ఉండే “ఇప్పుడేం జరుగుతుందో” అన్నది ఇక్కడ లేదు. అన్నీ ముందే నిర్ణయమైపోయాయి. ‘రూబీ బేబీ’ ఒక్కటే సొంత పాట కాదు, లీబర్, స్టోలర్ రాసిన పాత పాట. దాన్ని కూడా విప్పి తన కార్డులతో మళ్ళీ కుట్టుకున్నాడు.

కాబట్టి నా ఓటు పాప్‌కే. చాలా చదువుకున్న పాప్.


అడయారు అమ్మాయి | మంగళవారం మధ్యాహ్నం 1:48

“అన్నీ ముందే నిర్ణయమైపోయాయి.” నేను ఆదివారం నుంచి అంటున్నది అదే కదండీ!

ఇంకో ముక్క కలుపుతాను. దీనికి ఏడు గ్రామీ నామినేషన్లు వచ్చాయి, ఒక్క అవార్డూ రాలేదు. ఆ సంవత్సరం ఆల్బమ్ అవార్డు టోటో బృందానికి వెళ్ళింది. టోటో డ్రమ్మరు ఎవరనుకున్నారు? ఇందాకటి జెఫ్ పొర్కారోనే. అదనంగా వాయించినందుకు మీ నాన్నగారు అడిగిన పేమెంటు అలా ముట్టిందన్నమాట.


కోడంబాక్కం వయొలిన్ | మంగళవారం మధ్యాహ్నం 2:03

ఇది నాన్నకి చెప్తే రాత్రికి ఇంకో ముద్ద ఎక్కువ తింటారు.


పాత మద్రాసు | మంగళవారం రాత్రి 8:30

అమ్మాయీ, నీ షాడే రికార్డు నేనూ విన్నాను, మా మనవరాలి దగ్గర ఉంది. బాగుంటుంది. అయితే ఆవిడ పాడేది ఆ రోజు రాత్రి గురించి. ఈయన పాడేది పాతికేళ్ళ కిందట అనుకున్న రేపటి గురించి. అలాంటి రేపటిని చిన్నప్పుడు అందరం చూశాం కదా, నెహ్రూగారి డ్యాములు, ఉక్కు కర్మాగారాలు, సినిమాకి ముందు వేసే న్యూస్‌రీళ్ళు. వాటిలో అన్నీ తళతళలాడుతూనే ఉండేవి, ఎక్కడా తుప్పు కనపడేది కాదు. ఆ ఆల్బమ్‌లో ఒక్క తప్పూ లేకపోవడం నాకు అందుకే అతికినట్టు అనిపిస్తుంది. కుర్రాడి ఊహలో తప్పులుండవు.


అడయారు అమ్మాయి | మంగళవారం రాత్రి 9:17

ఈ వాదన ఇంతవరకూ ఎవరూ నాతో చేయలేదు. రెండో వైపు ఇంకోసారి విని చెప్తాను. ఒప్పుకున్నానని మాత్రం ఎవరూ అనుకోవద్దు. ‘ది గుడ్‌బై లుక్’లో, విప్లవం వచ్చిన దీవిలో ఇరుక్కుపోయిన అమెరికన్‌కి అంత హాయైన కాలిప్సో (కరీబియన్ దీవుల పాటల) లయ ఎందుకు పెట్టాడో నాకు ఇప్పటికీ మింగుడుపడదు.


కోడంబాక్కం వయొలిన్ | మంగళవారం రాత్రి 9:40

వాడికి ప్రమాదం అర్థమయ్యేసరికి ఆలస్యమైపోయిందని. చుట్టూ టూరిస్టుల పాట మోగుతూనే ఉంది.


అడయారు అమ్మాయి | మంగళవారం రాత్రి 9:44

ఊఁ. వింటాను.


వేళచ్చేరి విస్సు | బుధవారం ఉదయం 7:10

ఎలిప్టికల్ సూది వేశాక ‘మాక్సీన్’ చాలావరకు సర్దుకుంది. ఆఖరి అర నిమిషంలో ఇంకా కాస్త గరగర ఉంది, అది ముందు యజమాని చలవే అనుకుంటా. మూర్ మార్కెట్ ఆయన పెట్టెలో గిటారిస్టు ఎర్ల్ క్లూ ఎల్పీలు రెండు, స్టైల్ కౌన్సిల్‌ది ఒకటి చూశాను, ఎవరికైనా కావాలంటే ఆదివారం పొద్దున్నే వెళ్ళండి, మధ్యాహ్నానికి ఆయన షట్టరు దించేస్తాడు. సూదీదారం గారూ, లోపలి ప్లాస్టిక్ కవర్లు విడిగా ఎక్కడ దొరుకుతాయి?


సూదీదారం | బుధవారం ఉదయం 7:55

ఆన్‌లైన్‌లో యాభై కవర్ల కట్టలు దొరుకుతాయి. పీవీసీవి కాకుండా హెచ్‌డీపీఈ అని రాసినవే తీసుకోండి. పీవీసీ ఈ వేడికి ప్లేటుకి అంటుకుని మరక వదులుతుంది. కట్ట తెప్పిస్తే నాకు పది పక్కన పెట్టండి, డబ్బులు పంపిస్తాను.


ఎగ్మోర్ ఎక్స్‌ప్రెస్ | బుధవారం ఉదయం 8:02

నాకు ఐదు. స్టైల్ కౌన్సిల్‌ది మాత్రం నాదే, ఎవరూ ముట్టుకోవద్దు. 300 దాటి ఇవ్వను.